అధ్యక్షుడి రెండో కెమెరా

“కొండ ఎక్కేవాడికి రెండు కాళ్లు ఎంత అవసరమో, రెండు కెమెరాలూ అంతే అవసరం” అని మా బావ ప్రకటించాడు. పర్వతారోహక సంఘం సభ్యులందరూ బరువుగా తలలూపారు.

బావ అంటే మా అక్క భర్త. బీమా కంపెనీలో ఆఫీసరు, సంఘానికి అధ్యక్షుడు. ఆయన తీసిన శిఖరాల ఫోటోలు మా అపార్ట్‌మెంట్ మెట్ల పొడుగునా వేలాడుతుంటాయి. ఆయన మాత్రం రెండో అంతస్తుకు లిఫ్టులోనే వెళతాడు. మోకాళ్లను కొండల కోసం పొదుపు చేస్తున్నాడట. ఆదివారం సాయంత్రం కొండ దిగొచ్చి ఆయన సోఫాలో వాలిపోతే, ఆ మోకాళ్లకు అక్క వేణ్ణీళ్ల కాపడం పెట్టేది. పాపం, ఎన్నేళ్లుగా పెడుతోందో.

అసలు రెండో కెమెరా మాట లేవనెత్తింది ఉపాధ్యక్షుడు. వార్షిక ప్రదర్శన దగ్గర పడింది. బావ దగ్గర ఉన్నది ఒక్కటే కెమెరా, దాని లెన్సు ఫ్లాస్కంత ఉంటుంది. “కొండ మీద అది మొరాయిస్తే మన గతేంటండీ?” అన్నాడాయన. ఆయన పళ్ల డాక్టరు. ఊడిపోయేవాటి గురించి ముందే ఆలోచించడం ఆయన వృత్తి. వెంటనే ఉపసంఘం ఏర్పడింది. ఎంచడానికి బావ, మోయడానికి నేను, మమ్మల్ని వేళకు ఇంటికి చేర్చడానికి అక్క.

కెమెరాల షాపతను సబ్బుపెట్టెంత కెమెరా ఒకటి తీసి బావ చేతిలో పెట్టాడు. “కొండలెక్కేవాళ్లకు ఇదే సరైనదండీ. వానకు తడవదు, పడినా పగలదు. జేబులో ఉన్నట్టే తెలీదు.”

“ఉన్నట్టు తెలియకపోతే, పోయినట్టు ఎలా తెలుస్తుంది?” అన్నాడు బావ.

అతను ఇంకోటి తీశాడు. బావ దాన్ని పట్టుకుని వీధిలోకి వెళ్లి, వీధి చివర నీళ్ల ట్యాంకు మీద గురిపెట్టి, పెదవి విరుస్తూ తిరిగొచ్చాడు. “దగ్గరికి రావడం లేదు.” మరోటి పట్టుకెళ్లాడు. అదీ అంతే. షాపులో ఉన్న చిన్న కెమెరాలన్నీ ఆ ట్యాంకు ముందు ఓడిపోయాయి.

“చిన్నవాటిలో జూమ్ అంతేనండీ” అన్నాడు షాపతను. “అయినా మీరు పైకెక్కి, దగ్గరికెళ్లే తీస్తారు కదా?”

“నీకు పర్వతాల సంగతి తెలియదు” అన్నాడు బావ.

అక్కకు ఓపిక నశించింది. మొదట చూపించిన సబ్బుపెట్టెనే కట్టించి సంచిలో వేసుకుంది. “నేను కొన్నాను కాబట్టి అది పనిచేస్తుందో లేదో నేనే వచ్చి చూస్తాను” అంది. బావ ముఖం వాడిపోయింది. అది ఓటమి బాధ అనుకున్నాను.

ఆదివారం రెండు కార్లలో కొండ కిందికి చేరాం. సంఘంతో వెళ్లడం నాకు, అక్కకు అదే మొదలు. నేను కొత్త బూట్ల తాళ్లు బిగించుకుని కాలిబాట పట్టాను.

“ఎక్కడికయ్యా?” అని వెనక నుంచి పళ్ల డాక్టరు అడిగాడు.

“పైకండీ.”

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటికే కార్ల డిక్కీల్లోంచి మడత కుర్చీలు దిగాయి, టిఫిన్ డబ్బాలు తెరుచుకున్నాయి. బావ స్టాండు మీద పెద్ద కెమెరా బిగించి, కూర్చున్న చోటి నుంచే శిఖరాన్ని గురి చూస్తున్నాడు.

“కొత్తవాడు కదా, తెలీదు” అని డాక్టరు నా తరఫున అందరికీ క్షమాపణ చెప్పాడు.

అక్క బావ కుర్చీ ముందు నిలబడింది. “ఏమండీ, మరి ఆ మోకాళ్ల నొప్పులు దేనికి?”

“దారంతా క్లచ్ తొక్కాలి కదా” అన్నాడు బావ, టిఫిన్ డబ్బాలోకి చూస్తూ.

అక్క చిన్న కెమెరా తీసుకుని బాట పట్టింది. నేను వెనకాల పరిగెత్తాను. సగం కొండ కోపంతోనే ఎక్కేసింది. గులకరాళ్లు జారే చోట చేతులు ఆనించి పాకింది, ముళ్లు గీరుకుంటే విదిలించుకుంది. తర్వాత ఎక్కడో కోపం సంగతి మరిచిపోయింది. రొప్పుతూ పైకి చేరేసరికి చల్లగాలి ముఖానికి కొట్టింది. కింద లోయంతా పరుచుకుని ఉంది. చాలాసేపు చూస్తూ నిలబడింది.

“ఒరేయ్, పైన ఇంత బాగుంటుందా? మీ బావ ఒక్కనాడూ చెప్పలేదే.”

“ఆయనకెలా తెలుస్తుందక్కా?”

అక్క నవ్వింది. వంగి కిందికి గురిపెట్టి, ఒకే ఒక్క ఫోటో తీసింది.

మేం దిగేసరికి కింద విషాదం. పెద్ద కెమెరాకు ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయారట, శిఖరాన్ని తీయకుండానే ఆరిపోయింది. బావ అక్కను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. “ప్రదర్శనకు ఇప్పుడు నీ ఫోటోనే దిక్కు. కానీ సంఘం పరువుంది చూడు... పేరు మాత్రం...”

“మీ పేరే వేసుకోండి” అంది అక్క శాంతంగా. “కాకపోతే పెద్దగా వేయించండి. గోడంత.”

ఆ ఔదార్యానికి బావ కళ్లు చెమర్చాయి. కెమెరా వెనక ఉన్న అగ్గిపెట్టెంత తెర మీద ఫోటో చూసుకున్నాడు. లోయ, చెట్లు, అక్కడక్కడా ఏవో చుక్కలు. బ్రహ్మాండంగా ఉందన్నాడు.

ప్రదర్శన రోజున హాలు నిండిపోయింది. ముఖ్య అతిథిగా కాలేజీ ప్రిన్సిపాల్ గారొచ్చారు. ఆవిడ తెర లాగగానే గోడ నిండా లోయ ప్రత్యక్షమైంది. కింద పెద్ద అక్షరాలు: ‘శిఖరాగ్రం నుంచి. తీసినవారు: అధ్యక్షులు.’ సబ్బుపెట్టె కెమెరా మా అందరి అంచనాలకూ మించి పనిచేసింది. చెట్ల ఆకులు కూడా లెక్కపెట్టొచ్చు.

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు సవరించుకుని దగ్గరికి వెళ్లారు. లోయలో రెండు కార్లు. కార్ల పక్కన కుర్చీలు. ఒక కుర్చీలో, ఒళ్లో టిఫిన్ డబ్బాతో, నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దమనిషి.

ఆవిడ ఒకసారి ఫోటోను, ఒకసారి బావను చూశారు. “ఇక్కడ కూర్చున్నది మీరే కదండీ?”

“అవునండీ.”

“పైనుంచి తీసిందీ మీరేనా?”

బావ గొంతు సవరించుకున్నాడు.

“అదేనండీ, రెండో కెమెరా గొప్పతనం.”

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. కొట్టినవాళ్లలో ముందు వరుస వాళ్లందరూ ఆ ఫోటోలో ఉన్నవాళ్లే.