నలభై సెకన్ల బకెట్

అయ్యా, అమ్మా! మా వీధిలో కుళాయి నీళ్లు సన్నగా దారంలా వస్తాయి. ఇంతకంటే అదృష్టం ఇంకేం కావాలి?

నవ్వకండి. ఒకప్పుడు మా వీధిలో అన్నీ రెండంతస్తుల ఇళ్లే. నీళ్లకు లోటు లేదు కాబట్టి ఎవరి స్నానం వాళ్లు చేసుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లం. పక్కింట్లో ఎవరుంటారో తెలిసి చచ్చేది కాదు. ఐదేళ్ల కిందట పెద్దలు దయతలచి మా వీధిని పన్నెండంతస్తులు కట్టుకోనిచ్చే జోన్‌లోకి మార్చారు. ఇప్పుడు ట్యాంకర్ హారన్ వినపడితే చాలు, ఆరు వందల కుటుంబాలూ బిందెలతో రోడ్డు మీదుంటాయి! ఎదురింటి లెక్కల మాస్టారి మోకాళ్ల నొప్పి దగ్గర్నుంచి నాలుగో బ్లాకు టైలరుగారి అల్లుడి అలక దాకా నాకు తెలియని సంగతి లేదు.

రోడ్డు సంగతి అడుగుతారా? డాక్టరు ఎంత మొత్తుకున్నా నడవని నేను ఇప్పుడు నడుస్తున్నాను. కారు తీస్తే కదలదు మరి! మొన్న మాస్టారూ నేనూ ఒకేసారి బయల్దేరాం, ఆయన కారులో, నేను కాళ్ల మీద. నేను బ్యాంకు పని చూసుకుని తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా మా గేటు ముందే ఉన్నారు. కిటికీలోంచి తల బయటపెట్టి, ఆప్యాయంగా పలకరించారు కూడా.

మా మనవరాలి క్లాసులో ఎనభై మంది. టీచరమ్మకు దాని పేరు తెలిసేలోపు ఏడాది అయిపోయింది. దానికెంత స్వేచ్ఛ! వాన పడిందంటే మ్యాన్‌హోల్ మూతలు వాటంతటవే లేస్తాయి. మున్సిపాలిటీ మనిషి వచ్చి తీయక్కర్లేదు.

ఈ వైభవానికంతటికీ కారకులెవరంటారా? చెప్పడానికి వినయం అడ్డొస్తోంది. నేనే!

జోన్ మార్చాలంటే ముందు ఒక సర్వే జరగాలి. కొత్తగా వచ్చే జనాన్ని అక్కడి నీళ్లూ, రోడ్లూ, బడులూ మోయగలవా లేదా అని చూడాలి. అప్పట్లో నేను ఆ జోన్లు మార్చే ఆఫీసులోనే గుమాస్తాను. ఆ పని నా నెత్తిన పడింది. నెల రోజుల పనిని నేను ఒక్క ఆదివారంలో, బనీను మీదే పూర్తి చేశాను. మా ఇంటి కింది కుళాయి దగ్గర ఎర్ర బకెట్ పెట్టాను. నలభై సెకన్లలో నిండింది. కారు కడుగుతానేమోనని మా ఆవిడ మురిసిపోయింది. నేను మాత్రం "నీటి సరఫరా పుష్కలం" అని రాసుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి బాల్కనీలో కుర్చీ వేసుకుని వాహనాలు లెక్కపెట్టాను. గంటలో రెండు సైకిళ్లు, ఒక ఆటో. కునుకు పట్టిన ఇరవై నిమిషాలకు నిజాయితీగా సున్నా వేశాను. బడి సంగతి మనకెందుకని అక్కడ "సంతృప్తికరం" అని రాసి సంతకం గీకేశాను.

తరువాత రిటైరయ్యాను, ఇలా మీకు నీతులు చెప్పే కాలమిస్టునయ్యాను. అంతా సాఫీగా ఉండగా, మా వీధిలో మిగిలిన ఒక్క ఆటస్థలాన్నీ ఇదే జోన్‌లో కలుపుతామని నోటీసు వచ్చింది. మా ఆవిడ కొంగు బిగించింది. వీధి వీధినంతా వెంటేసుకుని, అభ్యంతరాలు వినే విచారణకు అదే ఆఫీసుకు వెళ్లింది. ఆ గుంపులో నేనూ ఉన్నాను.

ఆఫీసరు ఫైలు తిరగేశాడు. "నీళ్లు లేవంటారేంటమ్మా? మీ వీధిలో బకెట్ నలభై సెకన్లలో నిండుతుందని ఇక్కడ రాసుందే!"

"ఎవడండీ ఆ మహానుభావుడు? ఒక్కసారి మా ఇంటికి పంపండి, ఆ బకెట్ వాడి చేతే నింపిస్తాను!" అంది మా ఆవిడ.

ఆఫీసరు సంతకం పైకి చదివాడు. మా ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. నేను సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టాను. మూడు. నా సర్వీసు మొత్తంలో సరిగ్గా చేసిన సర్వే అదొక్కటే.

"ఈ రిపోర్టు తప్పని రాసినాయనే రాసివ్వాలి. రేపు సాయంత్రం ఐదింటిలోగా ఇవ్వకపోతే నేనేం చేయలేను," అన్నాడు ఆఫీసరు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ నాకంటే పదడుగులు ముందే నడిచింది. గేటు దగ్గర మాత్రం ఆగింది. "పిల్ల ఆడుకునే చోటు కూడా ఇచ్చేశారు కదండీ," అంది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ ఉదయం ఆరింటికి అదే ఎర్ర బకెట్‌ను కుళాయి కింద పెట్టి, నా చేతికి కాగితాలూ పెన్నూ ఇచ్చింది. "నిండేదాకా లేవకండి."

కాబట్టి మీరిప్పటిదాకా చదివింది కాలమ్ కాదు. పత్రిక వాళ్లకు నకలు పంపుతున్నాను, అసలు ప్రతి ఐదింటిలోగా ఆఫీసుకు చేరుతుంది. అయ్యా ఆఫీసరుగారూ, నా రిపోర్టు శుద్ధ అబద్ధం. ఇప్పుడు టైము ఏడుంబావు. బకెట్‌లో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లున్నాయి.

సంతకం ఇప్పుడే పెట్టను. ఈసారి బకెట్ నిండాకే పెడతాను.