మొలవని కలుపుకు ఫొటో

కలుపును మొలవక ముందే చంపడం శాస్త్రం సాధించిన విజయం. ఆ మొలవని కలుపును ఫొటో తీసి పంపమనడం పరిపాలన సాధించిన విజయం. రెండూ ఒకే సార్వా పంటకాలంలో మా దివిసీమకు చేరడం మా అదృష్టం. (మాకు అదృష్టాలు వరసగానే వస్తాయి. తుఫాన్ల సంగతి మీకు తెలిసిందే.)

వ్యవసాయం తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. నాట్లు వేయకుండా మొలక విత్తనాన్ని దమ్ము చేసి బురదగా మార్చిన మడిలోనే చల్లే పద్ధతిని వెద అంటారు. ఇందులో వరితో పాటు కలుపూ ఉత్సాహంగా లేస్తుంది. అందుకే విత్తిన రెండు మూడు రోజుల్లోనే ఒక మందును ఇసుకలో కలిపి మడంతా చల్లుతారు. అది నేలలో పల్చటి పొరలా కూర్చుని, కలుపు గింజ కళ్లు తెరవకముందే దాని పని పడుతుంది. ఒకసారి మొలిచిందా, ఇక ఆ మందూ ఒకటే, మజ్జిగా ఒకటే.

ఇంత విలువైన మందు దుర్వినియోగం కాకూడదని ‘మొలకపూర్వ కలుపు అనుమతుల కేంద్రం’ వెలిసింది. దానికి ‘కలుపు నేత్రం’ అనే యాప్ ఉంది. పొలంలో కలుపు ఉన్నట్టు ఫొటో తీసి యాప్‌లో పెడితేనే అనుమతి. అనుమతి ఉంటేనే మందు. షాపువాళ్లు కూడా అనుమతి లేనిదే సీసా చూపించరు.

మా పక్కింటి సుభాషిణి చల్లపల్లి అవతల కాలవ కింద రెండెకరాలు కౌలుకు చేస్తోంది. పోయినేడు ఊద గడ్డి లేచి వరిని మింగేసింది. ఈసారి కూడా అదే జరిగితే చేను ఇంకొకరికి ఇచ్చేస్తానని భూమిగలాయన మెత్తగా చెప్పాడు. (మెత్తగా చెప్పిన మాటలే గట్టివి.) లారీ మీద వెళ్లే భర్త తెచ్చేది అప్పుల వడ్డీకే సరి, ఆ చేను తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. అందుకే విత్తనం చల్లిన సాయంత్రమే గట్టు మీద నిలబడి ఫొటో తీసి పంపింది. యాప్ వెంటనే జవాబిచ్చింది.

‘మీ పొలంలో కలుపు లేదు. అభినందనలు. కలుపు మొలిచాక మళ్లీ ప్రయత్నించండి.’

మర్నాడు పొద్దున్నే ఆమె కేంద్రానికి వెళ్లింది. తోడు నేనూ వెళ్లాను. అక్కడి అధికారి గిరీష్ గారు చాలా మర్యాదస్తులు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, కుదరదని చెప్పారు.

“కలుపు మొలిచాక ఈ మందు పనిచేయదండీ,” అంది సుభాషిణి.

“నిజమే మేడం. కానీ అది మందులో ఉన్న లోపం. రూల్‌లో లోపం లేదు.”

“మరి మొలవని కలుపు ఫొటోలో ఎలా పడుతుందండీ?”

“అది రైతు స్థాయిలో తేల్చుకోవాల్సిన విషయం అండీ. మేం పైస్థాయి.”

నాకు నవ్వొచ్చింది. సుభాషిణి ముఖం చూశాక ఆ నవ్వు పోయింది. బయటికొచ్చాక ఆమె నావైపు తిరిగి, “బాబాయ్, ఊద ఎక్కడైనా దొరుకుతుందా?” అని అడిగింది. ఊదను చూస్తే శాపనార్థాలు పెట్టే మనిషి దాన్ని అడిగి తెచ్చుకునే రోజొచ్చింది.

అన్నట్టు, ఊద దొరుకుతోంది. బందరులో జైతూన్ బీ అని, నిన్నటిదాకా గులాబీలూ మల్లెలూ పెంచి అమ్మే ఆవిడ, రైతుల అవసరం కనిపెట్టి పూలమొక్కలు పక్కకు నెట్టి కలుపు నర్సరీ పెట్టింది. తుంగ, ఊద, గరిక, అన్నీ కుండీల్లో, చిన్నా పెద్దా సైజుల్లో ఉన్నాయి. రైతులు కుండీ తీసుకెళ్లి, పొలంలో పెట్టి, ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తారు.

“గులాబీలు పెంచినన్నాళ్లూ నన్ను పలకరించిన దిక్కు లేదమ్మా,” అంది జైతూన్ బీ, ఊద కుండీ ఎంచి సుభాషిణికి ఇస్తూ. “ఇప్పుడు గుడివాడ నుంచి కూడా వస్తున్నారు. జాగ్రత్తగా తీసుకెళ్లు. ఎండలో పెట్టొద్దు, వాడిపోద్ది. సున్నితం.”

ఊద సున్నితమట. మా తాతలు వింటే మళ్లీ చచ్చేవాళ్లు.

బస్సులో కండక్టరు కుండీకి లగేజీ టికెట్ కొట్టాడు. సీటిచ్చిన పెద్దాయన, “తులసా అమ్మా?” అని అడిగాడు. “కలుపండీ,” అంటే, “ఓ, ఫొటోకా,” అని ఆకులకు గాలి తగలకుండా కిటికీ మూశాడు.

కుండీ మడిలో కూర్చుంది. ఫొటో పడింది. యాప్ ఎంతో సంతోషించింది. ‘కలుపు గుర్తించబడింది. క్షేత్ర పరిశీలకుడు వచ్చి నిర్ధారిస్తారు.’

మొలకపూర్వ పరిశీలకుడు శ్యాంబాబు గారు వచ్చేసరికి పూర్వం కాస్తా గడిచిపోయింది. (ఆయన తప్పు కాదు. ఆయన కింద చాలా మండలాలు ఉన్నాయి, ఆయన బండి కింద మాత్రం రెండే చక్రాలు.) మడంతా పచ్చగా లేచింది. వరీ లేచింది, ఊదా లేచింది. ఆ వయసులో రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. శ్యాంబాబు గారు వంగి గుప్పెడు పీకి, ఫోను ముందు పెట్టారు.

“అది వరండీ,” అంది సుభాషిణి.

“యాప్ ఊద అంటోందమ్మా. వరి అని మీరంటే మళ్లీ మొదటినుంచి అప్లై చేయాలి. ఏమంటారు?”

సుభాషిణి తన వరి వంక చూసింది. “ఊదేనండీ,” అంది.

ఆయన అప్పటికప్పుడు అనుమతి ఇచ్చి, సంచిలోంచి సీసా తీసి ఆమె చేతిలో పెట్టి, ఫొటో తీసుకున్నారు. ఆ సీసా మీద ఏం రాసుందో ఇద్దరికీ తెలుసు. కలుపు మొలవక ముందు మాత్రమే వాడాలి. సుభాషిణి దాన్ని ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టింది.

ఇక మిగిలింది చేత్తో పీకడం. కలుపు తీతకు మా వైపు పేరున్న ముఠా వెంకటలక్ష్మిది. ఫోను చేస్తే ఆవిడ ఎత్తింది గానీ చుట్టూ ఏవో నీళ్ల చప్పుళ్లు.

“ఇప్పుడు రాలేమమ్మా. జైతూన్ బీ గారి దగ్గర పనిలో ఉన్నాం. ముఠా అంతా ఇక్కడే.”

“అక్కడేం పని పిన్నీ?”

“కలుపుకు నీళ్లు పొయ్యడం. నీడ, ఫ్యాను, మధ్యాహ్నం టీ. వంగే పనే లేదు. కుండీల్లో ఎక్కడన్నా వరి మొలిస్తే మటుకు పీకేస్తాం.”

కలుపు పీకే చేతులన్నీ కలుపును సాకే పనిలోకి వెళ్లాక, సుభాషిణి చీర కుచ్చెళ్లు దోపుకుని తానే మడిలోకి దిగింది. భర్త లారీ దిగి ఇంటికొచ్చినప్పుడల్లా ఆమె పక్కన వంగాడు. నేనూ ఒక పూట వంగాను. లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు. (ఇలాంటి వ్యాసాలు కుర్చీలో కూర్చునే రాస్తారు.) సుభాషిణి వానలో పీకింది, ఎండలో పీకింది. జ్వరం వస్తే మాత్ర వేసుకుని పీకింది. చేతివేళ్లు నీళ్లలో నాని చీలిపోతే పసుపు పెట్టుకుని, మర్నాడు మళ్లీ దిగింది. ఆమెను చూస్తే నాకు ఆ యాప్ మీద కోపమొచ్చింది, కానీ దాన్ని తిడదామంటే ముందు ఓటీపీ అడిగింది.

చేను దక్కింది. వరి పొట్టకొచ్చేనాటికి మడిలో వెతికినా ఊద కనిపించలేదు. భూమిగలాయన గట్టు మీద నడిచి చూసి, వచ్చే ఏడాదికీ నువ్వే చేసుకోమన్నాడు.

అప్పుడు, మందు పనితీరును మదింపు చేయడానికి గిరీష్ గారూ శ్యాంబాబు గారూ కలిసి వచ్చారు. ఈసారి యాప్ వరిని వరి అనే గుర్తుపట్టింది. (పైకొచ్చాక అందరూ గుర్తుపడతారు.)

“అద్భుతం,” అన్నారు గిరీష్ గారు. “ఒక్క కలుపు మొక్క లేదు. ఇంత ఫలితం మండలంలో ఎక్కడా రాలేదు. మందు ఎప్పుడు చల్లారు మేడం?”

సుభాషిణి వాళ్లను ఇంటికి తీసుకెళ్లి, కిటికీలోంచి సీసా తెచ్చి ఆయనకిచ్చింది. మూత సీలు అలాగే ఉంది.

గిరీష్ గారు సీసా అటూ ఇటూ తిప్పి చూశారు. ఆమె చేతులు కూడా ఆయన కళ్ల ముందే ఉన్నాయి. అయినా శ్యాంబాబు గారితో చాలా మర్యాదగా రాయించారు. సీలు తీయకుండానే మందు ఇంత ప్రభావం చూపినందున, వచ్చే సీజన్ నుంచి రైతులకు సీసా పంపనక్కరలేదు, అనుమతి ఒక్కటి చాలు.

“మరి ఫొటో అండీ?” అని అడిగింది సుభాషిణి.

“ఫొటో మాత్రం తప్పదు మేడం.”