వేపచెక్క పలక

ఒక పెద్ద అడవిలో అందరికంటే ముందు పరువు సంపాదించిన ఉడుతని నేనే. అది ఎలా పోయిందో కూడా నేనే చెప్పుకోవాలి.

ఆ వేసవిలో ఎలుగుబంటి పెద్దగారు సభ పెట్టారు.

"తిండిగింజలకి పురుగు పట్టడం అడవికే సిగ్గుచేటు. పురుగు లేని ఇంటికి పలక ఇస్తాం. పురుగు కనిపిస్తే గింజలు వాగులో పోయిస్తాం. ఆ ఇంటి పేరు కాకి చేత చాటిస్తాం" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సభలో భయం లేకుండా నాకు చేతనయ్యేది అదొక్కటే.

మొదటి పలక మా ఇంటికే వచ్చింది. వేపచెక్క మీద "ఈ ఇంట పురుగు లేదు" అని చెక్కి ఉంది. గుమ్మానికి కట్టుకున్నాను. దానికి అడ్డం రాకూడదని పది రోజులు తోక పక్కకి వంచుకుని తిరిగితే, తోక కాస్తా పట్టేసింది.

పదకొండో రోజు జొన్నకుండ మూత తీశాను. గింజలు వాటంతటవే నడుస్తున్నాయి. ముక్కుపురుగు! వానలు దగ్గర పడ్డాయి. వానాకాలమంతా నా నలుగురు పిల్లలకి ఆ కుండే ఆధారం.

ఎవరినైనా అడుగుదామంటే పలక పోతుంది, జొన్నలు వాగులో పోతాయి. చివరికి పక్కింటి కుందేలు దగ్గరికి వెళ్ళాను.

"వదినా, మా పిన్నివాళ్ళ అడవిలో జొన్నలకి పురుగు పట్టిందట. పాపం, ఏం చెయ్యాలో?"

"మాకేం తెలుసమ్మా! మా ఇంట్లో ఎప్పుడైనా చూస్తేగా?" అంది వదిన. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా అత్తగారి వైపు వాళ్ళయితే చాటతో చెరిగి, బండమీద మూడెండలు ఎండబెడతారట. పూర్తిగా చల్లారాకే కుండలో పోస్తారట. వేడి మీద పోస్తే చెమట పట్టి బూజొస్తుంది, మిగిలిన పురుగు మళ్ళీ పెరుగుతుందట. పైన ఎండిన వేపాకు వేస్తారట."

పురుగు మొహం ఎరగని ఆవిడకి ఇంత వివరం ఎలా తెలుసో అని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నా గోల నాది.

ఇంటి ముందు ఎండబోస్తే అడవంతా చూస్తుంది. కొండ వెనక నల్లబండ వైపు ఎవరూ రారు. మిట్టమధ్యాహ్నం మూట మోసుకుని అక్కడికి వెళ్ళాను.

కాలు పెట్టే చోటు లేదు.

ఒకపక్క వదిన రాగులు, ఇంకోపక్క నెమలి కందులు. నడిమధ్యలో ఎలుగుబంటి పెద్దగారు, తన బియ్యం తనే కలియబెట్టుకుంటూ! అందరం ఆకాశంలోకి చూశాం.

"ఇవి మా బావమరిదివి" అన్నారు పెద్దగారు.

"ఇవి మా ఆడపడుచువి" అంది వదిన.

"ఇవి... మా పిన్నివి" అన్నాను.

రెండు రోజులు అలా చుట్టాల సేవ చేశాం. మూడోనాడు ఎండ మండిపోతుండగా బండమీద కాకి నీడ పడింది.

"అయ్యో, దండోరా కాకి! అది నా పేరైనా సరే చాటేస్తుంది. ఆ నియమం పెట్టింది నేనే!" అని పెద్దగారు కాలే బియ్యం కుండలోకి ఎత్తేశారు. అందరూ ఎత్తేశారు.

"చల్లారనివ్వండి" అనబోయి నోరు తెరిచాను. పెద్దగారు నావైపు చూశారు. మూసుకున్నాను. నా జొన్నలూ వేడివేడిగా పోసి, పైగా మూత గట్టిగా బిగించాను.

ఆ కాకి కూడా వాళ్ళ మేనత్త శనగలు ఎండబెట్టడానికే వచ్చిందని తర్వాత తెలిసింది.

వానలు మొదలయ్యాక మూత తీశాను. పైన బూజు, అడుగున పిండి, మధ్యలో పురుగులు మనవలతో సహా. పిల్లలకి పెట్టడానికి ఒక్క గింజ లేదు.

నాలుగు రోజులు ఆకులతో నెట్టుకొచ్చాను. పిల్లలు ఏడుస్తుంటే గిద్ద పట్టుకుని బయల్దేరాను. గుమ్మంలోనే వదిన ఎదురైంది, ఆవిడ చేతిలోనూ గిద్ద.

"గిద్దెడు గింజలు..." ఇద్దరం ఒకేసారి అన్నాం.

"మా ఇంట్లో పురుగు, వదినా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక వేసవి పట్టింది.

"మాకు ఏటా పడుతుందే, పిచ్చిదానా!" అంది వదిన.

వారం తిరక్కుండా మళ్ళీ సభ. "ఇప్పుడు అడవిలో ఏ ఇంట్లోనూ పురుగు లేదు!" అన్నారు పెద్దగారు, సన్నబడ్డ పొట్ట నిమురుకుంటూ. నిజమే. తినడానికేమీ లేక అవి వెళ్ళిపోయాయి. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చి, వదిన తవ్వి తెచ్చిన దుంపలు పొయ్యిమీద పెట్టాను. తడిపుల్లలు అంటుకోవడం లేదు. ఇంట్లో పొడిగా ఉన్నది, పురుగు ముట్టనిది ఒక్కటే. గుమ్మం నుంచి దాన్ని విప్పి పొయ్యిలో పెట్టాను. పిల్లలు కడుపునిండా తిన్నారు.

నీతి: పరువుకి పురుగు పట్టదు, అందుకే వానాకాలంలో పొయ్యిలోకి మహా బాగా పనికొస్తుంది.