రోగులు లేని ఆదివారం

పెద్దాసుపత్రిలో ఓపీ చీటీల కొత్త పద్ధతిపై ఒక ఆదివారం నిర్వహించిన పైలట్ అధ్యయనం నూటికి నూరుపాళ్ళు జయప్రదమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అధ్యయనంలో మొత్తం ముప్ఫైమంది పాల్గొన్నారు. వారిలో ఒక్కరికీ ఏ జబ్బూ లేదు.

ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. ఏ పద్ధతినైనా ఒకేసారి అందరి నెత్తినా రుద్దకుండా, ముందు కొద్దిమంది మీద ప్రయత్నించి, లోటుపాట్లు సరిచూసుకుని, ఆ తర్వాతే పూర్తిగా అమలుచేయాలని సూపరింటెండెంటుగారు మూడు రోజుల శిక్షణలో నేర్చుకుని వచ్చారు. నేర్చుకున్నది మంచి మాటే. ఆయన దాన్ని ఎంతగా ఒంటబట్టించుకున్నారంటే, క్యాంటీన్ టీ కూడా ముందు ఒక చెంచా చప్పరించి, రెండు నిమిషాలు ఆగి, ఫలితం అనుకూలంగా ఉంటేనే కప్పు అందుకునేవారు.

ఓపీ కిటికీ వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్న గుమాస్తాని ఆసుపత్రిలో అందరూ చీటీలక్క అంటారు. ఆవిడ పద్ధతికి ఒక పేరుగానీ, ఒక పటంగానీ, కనీసం ఒక ఫైలుగానీ లేదు. హాల్లో నాలుగు పొడుగాటి బల్లలున్నాయి. వచ్చినవాళ్ళు వాటిమీద కూర్చుంటారు. చీటీలక్క కిటికీలోంచి మెడ సాచి ఒక్క చూపు చూసి పిలుస్తుంది.

“ఆ మూలనున్న తాతా, నువ్వు ముందు రా. ఏమ్మా, ఆ బిడ్డ ఒళ్ళు కాలిపోతున్నట్టుంది, లేచి రా. నువ్వు కూర్చో తమ్ముడూ, ఆ వేలు ఇంకో అరగంటకి ఊడిపోదులే.”

ఇంతటి అశాస్త్రీయమైన ఏర్పాటుతో ఒక ఆసుపత్రి ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చిందంటే తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. పైగా ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోవడం మరీ అనుమానించదగ్గ విషయం.

కొత్త పద్ధతి అలాంటిది కాదు. గుమ్మం దగ్గర యంత్రం ఉంటుంది. దాని మీద ఎనిమిది రోగాల గుంపులకు ఎనిమిది బొత్తాలు. తన రోగమేమిటో రోగి తనే తేల్చుకుని బొత్తాం నొక్కితే ఒక కాగితం వస్తుంది. ఆ కాగితం రంగుకి సరిపోయే గీత నేలమీద వెతుక్కుని, దాని వెంట నడిచి, ఇరవై ఆరు మెట్లెక్కి, పై అంతస్తులో ముద్ర వేయించుకుని, మళ్ళీ దిగి రెండో యంత్రానికి చూపిస్తే చీటీ వస్తుంది. అన్నీ కలిపి ఆరున్నర నిమిషాలు. గీతలకు అడ్డొస్తున్నందువల్లా, కూర్చునే అలవాటు మనిషి చురుకుదనాన్ని హరిస్తుందని శిక్షణలో చెప్పినందువల్లా, నాలుగు బల్లల్నీ పాత సామాన్ల గదికి తరలించాలని నిర్ణయమైంది.

పద్ధతి ఏమైపోయినా చీటీలక్కకి పట్టింపు లేదు. తన కిటికీ మూసి మరో గదిలో కూర్చోమన్నా కూర్చుంటుంది. కానీ బల్లలు పోతాయంటే మాత్రం ఊరుకోలేకపోయింది. బల్లలు లేని రోజుల్లో, గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే నేలకి జారిపోవడం ఆవిడ కళ్ళారా చూసింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఎక్కని మెట్టూ తొక్కని గడపా లేకుండా తిరిగి తెప్పించిన బల్లలవి. ఆవిడ తిన్నగా సూపరింటెండెంటుగారి గదిలోకి వెళ్ళింది.

“అయ్యా, బల్లలు తీసేస్తే వాళ్ళెక్కడ కూర్చుంటారండీ?”

“కూర్చోవాల్సిన అవసరమే రాదమ్మా. ఆరున్నర నిమిషాల పని.”

“మెట్లెక్కలేనివాళ్ళో?”

“అదేగా పైలట్‌లో తేలేది! నువ్వు అనుకున్నదీ కాదు, నేను అనుకున్నదీ కాదు. ఆధారాలు మాట్లాడాలి. ఒక్కరు, ఒకే ఒక్కరు బల్లమీద కూర్చున్నట్టు తేలినా సరే, నేను మళ్ళీ ఆలోచిస్తాను.”

మాట న్యాయంగానే తోచింది. చీటీలక్క కాస్త ఊపిరి పీల్చుకుని వచ్చేసింది. పైలట్ ఎవరి మీద చేస్తారో అడగాలన్న ఆలోచన ఆవిడకి రాలేదు. ఆసుపత్రి కాబట్టి రోగుల మీదే చేస్తారనుకుంది, అమాయకురాలు.

ఈ విషయం మీద కమిటీ గంటన్నర తర్జనభర్జన పడింది. రోగులు దగ్గుతారు. చెప్పింది మరిచిపోతారు. కొందరికి చదువు రాదు, చదువొచ్చినవాళ్ళకి కళ్ళజోడు ఇంట్లో ఉండిపోతుంది. మధ్యలో కళ్ళు తిరుగుతున్నాయంటారు. ఇటువంటివారిని చేర్చుకుంటే ఫలితాలు కలుషితమవుతాయని, ప్రత్యేకంగా పిలిపించిన లెక్కల నిపుణుడు హెచ్చరించాడు. కనుక వాళ్ళెవరూ రాని ఆదివారాన్ని ఎంచుకున్నారు. సిబ్బందిలోంచి, వాళ్ళ బావమరుదుల్లోంచి ముప్ఫైమందిని ఏరి, తలా ఒక రోగం కాగితం మీద రాసిచ్చారు. అంబులెన్సు డ్రైవరుకి ఉబ్బసం వచ్చింది. గేటు దగ్గరి కాపలాదారుకి ఎనిమిదో నెల.

చీటీలక్క తన పేరు కూడా రాసుకోమంది.

“నీకేం రాయమంటావు?” అన్నాడు నిపుణుడు.

“మోకాళ్ళ నొప్పులు.”

“నిజంగా ఉన్నాయా?”

“ఆరేళ్ళ నుంచీ ఉన్నాయండీ.”

“అయితే నువ్వు పనికిరావమ్మా. అది పక్షపాతం కిందికొస్తుంది.”

ఆ సాయంత్రం చీటీలక్క ఒక ఫోను చేసింది. సూపరింటెండెంటుగారి తల్లికి. డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దమ్మగారు ప్రతి మంగళవారం బీపీ చూపించుకోవడానికి వచ్చి, కొడుకు గదిలో ఏసీకి కీళ్ళు బిగుసుకుపోతాయని, హాల్లో రెండో బల్లమీద అందరితో కబుర్లాడుతూ కూర్చునే మనిషి. సంగతంతా విని, “ఆదివారం వస్తాలేవే” అంది.

ఆదివారం పొద్దున్న అందరూ చేతిగడియారాలు సరిచేసుకున్నారు. ఎనిమిదో నెల కాపలాదారు రెండేసి మెట్ల చొప్పున దూకుతూ ఎక్కి, కమ్మీ మీద జారి దిగి, నాలుగు నిమిషాల్లో చీటీ తెచ్చాడు. కమిటీ చప్పట్లు కొట్టింది. ఉబ్బసం డ్రైవరు ఈల వేసుకుంటూ వెళ్ళొచ్చాడు. ముప్ఫైమందీ అయిపోయారు. బల్లల వైపు ఒక్కరూ కన్నెత్తి చూడలేదు. అప్పుడు పెద్దమ్మగారు కర్ర టకటకలాడిస్తూ గుమ్మంలోకొచ్చి, తన పేరూ రాసుకోమంది. అంతమంది ముందు కన్నతల్లిని కాదనలేక సూపరింటెండెంటుగారు తలూపారు.

ఆవిడ యంత్రం ముందు చాలాసేపు నిలబడింది.

“ఇందులో నాకు ఐదున్నాయిరా. ఏది నొక్కమంటావు?”

“ముఖ్యమైంది నొక్కమ్మా.”

“అది డాక్టరు కదరా చెప్పాలి?”

ఐదూ నొక్కింది. ఐదు రంగుల కాగితాలొచ్చాయి. పచ్చగీత పట్టుకుని వెళ్ళి, సగంలో నీలం అనుకుని వెనక్కొచ్చి, రెండో బల్లమీద గంటసేపు కూలబడి, మళ్ళీ లేచి పదకొండో మెట్టు దాకా ఎక్కి అక్కడ చతికిలబడింది.

“అమ్మా, లే. టైము పరిగెడుతోంది.”

“పరిగెత్తనీరా. దానికి మోకాళ్ళు లేవుగా.”

మొత్తం రెండు గంటల పది నిమిషాలు. కిటికీ వెనక చీటీలక్క ఆనందం అంతా ఇంతా కాదు. ఒక్కరు కూర్చుంటే చాలన్నారు, గంటసేపు కూర్చున్నారు!

ఆ ఆనందం మధ్యాహ్నం దాకా ఉంది. నిపుణుడు లెక్క వేస్తే ఆరున్నర నిమిషాల సగటు కాస్తా పదిన్నరకి ఎగబాకింది. ఒక్క మనిషి వల్ల ఇంత తేడా వచ్చిందంటే ఆ మనిషిలోనే లోపముందని శాస్త్రం చెబుతోందన్నాడు. అలాంటివాటిని అసాధారణ విలువలంటారట, కొట్టేయాలట. సూపరింటెండెంటుగారు కలం తీసి, తన తల్లి అసాధారణ విలువ అని ధ్రువీకరిస్తూ సంతకం చేశారు. ఆవిడతోపాటు ఆవిడ కూర్చున్న గంటా కొట్టేశారు. నివేదికలో బల్లల వాడకం సున్నా అని పడింది. చీటీలక్కకి ఏడుపొచ్చింది. కిటికీ వేసేసి కాసేపు ఏడ్చింది కూడా.

సోమవారం బల్లలు లేవు. నాలుగు వందల పన్నెండుమంది వచ్చారు. పది గంటలకల్లా ఇరవై ఆరు మెట్ల మీదా మెట్టుకిద్దరు చొప్పున కూర్చున్నారు. పైకెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళలేక కిందనే నేలమీద, రంగు గీతల మీద, ఏ గీతమీద కూర్చున్నామో చూసుకోకుండా కూర్చున్నారు. నిపుణుడు వాళ్ళ మధ్యలోంచి కాళ్ళెత్తి వేస్తూ తిరిగి లెక్క తీశాడు. నాలుగు వందల నలుగురు అసాధారణ విలువలు. మిగతా ఎనిమిదిమందికి సగటున ఆరున్నర నిమిషాలు. పైలట్ అక్షరాలా నిజమైందని ఆయన మొహం వెలిగిపోయింది.

మెట్లు దిగే వీల్లేక పై అంతస్తులోనే చిక్కుకుపోయిన కమిటీ అక్కడే అత్యవసర సమావేశం జరిపి, లోపం పద్ధతిలో లేదు, వచ్చినవాళ్ళలో ఉంది అని ఏకగ్రీవంగా తేల్చింది. ముద్రలు వేయడానికి పైకి పంపిన చీటీలక్క తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆవిడ చాలా వినయంగా నోరు విప్పింది.

“అయ్యా, ఈ అసాధారణ విలువలన్నిటికీ వేరే కిటికీ ఒకటి పెడితే, ఇక్కడ మీ లెక్క పాడవ్వదు కదండీ? వాళ్ళు ఎటూ లోపం ఉన్నవాళ్ళే గనుక, కూర్చోవడానికి ఏదైనా పడేస్తే సరి.”

నిపుణుడు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. సూపరింటెండెంటుగారు మాత్రం, దీనికీ ముందొక పైలట్ చేయొద్దూ అని సందేహించారు. మంగళవారం బీపీకి వచ్చిన పెద్దమ్మగారు ఆ సందేహం తీర్చింది. “ఇరవై రెండేళ్ళు చేసింది కదరా, ఇంక చాల్లే.”

అలా పాత కిటికీకి ‘అసాధారణ విలువల విభాగం’ అని బోర్డు పడింది. నాలుగు బల్లలూ వెనక్కొచ్చాయి, ప్రత్యేక విభాగమైంది కాబట్టి మరో రెండు మంజూరయ్యాయి. ఆరు బల్లలూ నిండిన హాలుని చూసుకుని చీటీలక్కకి కడుపు నిండిపోయింది. కొత్త పద్ధతికేమో ఉత్తమ పురస్కారం వచ్చింది.

ఆ యంత్రం వృథాగా పడి ఉందనుకుంటే పొరపాటు. మొదట రోజుకి ఎనిమిదిమంది, తర్వాత అరవై, ఇప్పుడు సెలవులకి ముందు రోజైతే రెండు వందల దాకా వస్తున్నారు. వీళ్ళు దగ్గరు, దారి అడగరు, మెట్లని లెక్కచెయ్యరు. ముద్రపడ్డ ఆ చీటీయే ఆఫీసుకి పంపే జబ్బు సర్టిఫికెట్టు, ఆరున్నర నిమిషాల్లో చేతికొస్తుంది. పైలట్ ఎవరి మీద చేశారో పద్ధతి వాళ్ళకి సరిగ్గా సరిపోయింది, ఇక ఎవరేమనగలరు?

కిందటి శుక్రవారం మీరూ వచ్చారు. నాలుగు రోజుల తీవ్రమైన నడుంనొప్పి. సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని హుషారుగా బయటికెళ్తూ, అభిప్రాయాల పుస్తకంలో మీరు రాసిన రెండు వాక్యాలూ కమిటీ చదివింది, తదుపరి చర్యకు పంపింది. “సేవలు అద్భుతం. కానీ ఆ పక్క హాల్లో బల్లలేసుకుని ఎవరెవరో ఊరికే కూర్చుంటున్నారు, నడవడానికి అడ్డం, తీసేయించగలరు.”