వారం రోజుల్లో ట్యునీషియా

ఏ దేశాన్నయినా క్షుణ్ణంగా తెలుసుకోవాలంటే ఆ దేశపు మనిషిని మాత్రం పొరపాటున కూడా కలవకండి! నమ్మరా? అయితే అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో ఉండే నళిని సంగతి వినండి.

ఆవిడ కూతురు నైనికకు స్కూల్లో ట్యునీషియా వచ్చింది. జ్వరంలాంటిది కాదు లెండి, ప్రాజెక్టు. భౌగోళికం, సంస్కృతి, ప్రభుత్వం, చివర్న ఆ దేశస్థులతో ఒక ఇంటర్వ్యూ. ఇవన్నీ అంటించే అట్ట బోర్డు మీద పేరు నైనికది, చాకిరీ నళినిది. అందరికన్నా మంచి బోర్డు తమదే కావాలని ఆవిడ పంతం.

ఇంటర్నెట్ ఉండగా కొదవేమిటి? ఉత్తరాన మధ్యధరా సముద్రం, దక్షిణాన సహారా ఎడారి. రాజధాని ట్యూనిస్. దేశానికి అధ్యక్షుడు, ఇరవై నాలుగు గవర్నరేట్లు, అంటే మన జిల్లాల్లాంటివన్నమాట. తను పుట్టిన ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో నళినికి తెలీదు గానీ, ఈ ఇరవై నాలుగూ గడగడా అప్పజెప్పేసేది! కుస్కుస్ అనే అక్కడి వంటకం ఫొటో చూసి, ఇది మన ఉప్మాయే కదా అని తేల్చేసి, బొంబాయి రవ్వలో శనగలు వేసి ట్రే నిండా వండింది. సంస్కృతి కూడా అయిపోయింది.

మిగిలింది ఇంటర్వ్యూ.

"టీచర్ రియల్ పర్సన్‌ని అడగమంది, మమ్మీ" అంది నైనిక.

నిజం మనిషంటే మాటలా? వెతకాలి, టీ ఇవ్వాలి, చెప్పిందంతా ఓపిగ్గా వినాలి! ఏఐ అయితే అర నిమిషంలో అహ్మద్ అనే పెద్దమనిషిని పుట్టించి, ఇంటర్వ్యూ కూడా చేసి పెట్టింది.

ప్రదర్శన రోజు పక్క బోర్డు ఇండియా. చేసింది ఎదురు ఫ్లాట్ నబీల్ కూతురు యాస్మిన్. అందులో లక్ష్మి అనే భారతీయురాలు రోజూ ఏనుగెక్కి నీళ్లకు వెళ్తోంది! నళినికి ఒళ్లు మండింది. మెట్ల మీద 'హాయ్' తప్ప ఎన్నడూ మాట్లాడని నబీల్‌ను ఇంగ్లీషులో నిలదీసింది.

"మూడేళ్లుగా మీ ఎదురుగానే ఉన్నాం కదండీ. మమ్మల్ని ఒక్క మాట అడిగితే పోయేదేముంది?"

యాస్మిన్ అడుగుదామనే అందని, మీరు బిజీగా ఉంటారని తనే ఆపేశానని ఆయన క్షమాపణ చెప్పాడు. తర్వాత నైనిక బోర్డు వైపు తిరిగి అహ్మద్ ఇంటర్వ్యూ రెండుసార్లు చదివాడు.

"రోజూ ఒంటె మీద ఖర్జూరపు తోటకు వెళ్తాడా ఈయన?" అన్నాడు నెమ్మదిగా. "మాది ట్యూనిస్. నేను ట్రామ్‌లో కాలేజీకి వెళ్లేవాణ్ణి."

నళినికి తలెత్త బుద్ధి కాలేదు. నైనిక మాత్రం కళ్లు పెద్దవి చేసి ఆయన్నే చూసింది. మమ్మీ అంత అందంగా ప్రింట్ తీసి అంటించింది అబద్ధమెలా అవుతుంది?

"అయితే ఇక్కడ మీ ఒంటెని ఎక్కడ పార్క్ చేస్తారు, అంకుల్?"