గోరువంకకి అనుమతి ఆకు

ఒక పెద్ద అడవిలో కొండ మీద ఎవరైనా తుమ్మితే, ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళు ‘చిరంజీవ’ అనడానికి మర్నాడయ్యేది. అంత పెద్ద అడవి అది.

ఈ ఇబ్బంది చూసి పాతకాలంలో ఎవరో పుణ్యాత్ములు కేకబాట ఏర్పాటు చేశారు. కొండ నుంచి ఏటిదాకా వరసగా ఏడు పొడవాటి చెట్లు. చెట్టుకో గోరువంక. ఒక గోరువంక విన్నది విన్నట్టు అరుస్తుంది. పక్క చెట్టు గోరువంక అందుకుంటుంది. అలా కొండ మీది కబురు ఘడియలో ఏరు చేరేది. ఎవరి గొంతునైనా అచ్చం అలాగే పలకడం గోరువంకలకి పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి ఆ పని వాటికి అప్పగించారు.

ఏడింటిలో నడిమిది ఇప్పచెట్టు. దాని మీద మాణిక్యం అనే గోరువంక ఉండేది. వాళ్ళమ్మ కూడా ఆ కొమ్మ మీదే పనిచేసి, ఆ కొమ్మ మీదే కన్నుమూసింది.

మాణిక్యం గొంతులోంచి వెళ్ళని సంగతంటూ లేదు. ఏ మడుగులో నీళ్ళున్నాయి, ఎవరి కూన తప్పిపోయింది, ఏనుగులు ఏ దారిన వస్తున్నాయి, అన్నీ వెళ్ళేవి. వాటితో పాటు చాడీలూ, అడవి సభ మీద వెటకారాలూ వెళ్ళేవి. అబద్ధాలు కూడా వెళ్ళేవి. ఏట్లో మొసలి మాంసం మానేసిందని ఒకసారి కబురొచ్చింది. నమ్మి నీళ్ళకి వెళ్ళిన జింక తిరిగి రాలేదు. మాణిక్యం రెండు రోజులు పురుగు ముట్టలేదు. ఆనాటి నుంచి నమ్మశక్యం కానిది వస్తే, ‘ఎవరన్నారో తెలీదు’ అని ముందు చెప్పి మరీ అరిచేది.

సాయంత్రం అయ్యేసరికి మాత్రం ఒకటే పని. కలకంఠమ్మ పాట.

కలకంఠమ్మ కోకిల. వాగు అవతల మామిడిచెట్టు మీద ఉండేది. ఆవిడ పాడితే చీమలు కూడా నడక ఆపేవని చెప్పుకునేవారు. ఆ పాటని మాణిక్యం పట్టుకుని అటు కొండకీ ఇటు ఏటికీ పంపేది. రోజంతా తిట్లూ తగాదాలూ మోసిన గొంతుకి ఆ ఒక్క ఘడియా పండగలా ఉండేది.

ఒక రోజు కలకంఠమ్మ స్వయంగా ఇప్పచెట్టు మీద వాలింది.

“ఏమే మాణిక్యం, నా పాట నువ్వు పాడుతున్నావటగా?”

“పాడటం కాదమ్మా, అందిస్తున్నాను. ‘ఇది కలకంఠమ్మగారి పాట’ అని చెప్పాకే మొదలుపెడతాను.”

“చెబితే నా కడుపు నిండుతుందా? పూర్వం నా పాట వినాలంటే నా చెట్టు కిందికి వచ్చేవాళ్ళు. వస్తూ ఒక నేరేడు పండో, నాలుగు రేగుపళ్ళో తెచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎవడి బొరియలో వాడు కాళ్ళు బారజాపుకుని వింటున్నాడు. నిన్న నేను ఎవరికి పాడానో తెలుసా? ఒక తొండకి. అది కూడా మధ్యలో లేచిపోయింది.”

ఆవిడ మాటలో న్యాయం ఉంది. మాణిక్యం “పోనీ ఒక పని చేద్దామమ్మా. మొదటి చరణం ఒక్కటే అందిస్తాను. మిగతాది వినాలంటే పండు పట్టుకుని మామిడిచెట్టుకి వెళ్ళమని నేనే అరుస్తాను,” అంది.

కలకంఠమ్మ మెడ ఓరగా పెట్టింది. “గట్టిగా అరుస్తావా?”

“కొండ దాకా వినబడేలా అరుస్తాను.”

వ్యవహారం అక్కడితో తేలిపోవలసింది. కాని చెట్టు కింద సత్యమూర్తి ఉన్నాడు.

సత్యమూర్తి నక్క. అడవి సభకి కార్యదర్శి. సభ రక్షణలో ఉంచిన నెమలి గుడ్లు ఎవరు తిన్నారో నెల కిందటే కేకబాట మీద అడవంతా వినిపించింది. విన్నప్పటి నుంచి ఆయనకి గొంతులంటే గిట్టడం లేదు.

“అమ్మా, మీరు కళాకారులు,” అన్నాడు కిందనుంచే నమస్కారం పెట్టి. “గోరువంకతో బేరాలు మీకు తగవు. మీకు కావలసింది చట్టం.”

“చట్టం ఉంటే పళ్ళొస్తాయా?” అంది కోకిల.

“పళ్ళేమిటమ్మా, తోటలే వస్తాయి.”

మూడో రోజు సభ కూడింది. అధ్యక్షుడు ఎలుగుబంటి పెద్దయ్య. ఇప్పపూల కాలం కావడంతో ఆయన సగం మత్తులో ఉన్నాడు. సత్యమూర్తి స్వర సంరక్షణ చట్టం చదివాడు. ఏ ధ్వని ఎవరు ముందు చేశారో ఆ ధ్వని వారిదే. దాన్ని ఇంకొకరు పలకాలంటే సొంతదారు పంజా ముద్ర వేసిన అనుమతి ఆకు ఉండాలి. ఒక చెట్టు మీద దొంగ ధ్వని వినబడితే ఆ చెట్టు మొత్తం మూసేస్తారు. ఫిర్యాదు ముందు, మూత తర్వాత, విచారణ వీలున్నప్పుడు.

“ఎవరు ముందు చేశారో ఎవరు తేలుస్తారు?” అని అడిగాడు గుడ్లగూబ మాస్టారు.

“కమిటీ తేలుస్తుందండి.”

“కమిటీలో ఎవరుంటారు?”

“ప్రస్తుతానికి నేను.”

“తర్వాత?”

“తర్వాతా ప్రస్తుతం లాగే ఉంటుందండి.”

కాకి అప్పలమ్మ లేచింది. “పాట ఆవిడదే, కాదనను. ఆవిడ పిల్లల్ని మాత్రం ఏటేటా నా గూట్లో నేను మేపుతున్నాను. దానికేమన్నా సెక్షనుందా?”

“అది ఈ చట్టం పరిధిలోకి రాదమ్మా, కూర్చోండి,” అన్నాడు సత్యమూర్తి.

మాణిక్యం కూడా లేచి, “అయ్యా, దొంగపాట ఒక గొంతులోంచి వస్తే ఆ గొంతుని పట్టుకోండి. చెట్టు మొత్తం మూస్తే చెట్టు మీద మిగతావాళ్ళ మాటలేం కావాలి?” అంది.

“మిగతావాళ్ళు తప్పు చెయ్యకపోతే వాళ్ళకి భయమెందుకు?” అన్నాడు సత్యమూర్తి. ఈ మాట సభకి బాగా నచ్చింది. జింకలు తమకి పాటలు రావు కనక తమకేం సంబంధం లేదనుకున్నాయి. పెద్దయ్య ఆవులించాడు. ఆ ఆవులింతని ఆమోదంగా రాసుకున్నారు.

ఎండిన వాగులో ఇసక మీద కొత్త ఆఫీసు వెలిసింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అనుమతి ఆకులు గుట్టలుగా పేర్చారు. అడవి అడవంతా అక్కడ బారులు తీరింది. నెమలి వాన కేక తనదని రాయించుకుంది. కప్ప కూడా వాన కేక తనదే అంది, వాళ్ళిద్దరి దావా ఇప్పటికీ నడుస్తోంది. కొండ మీద కాపలా ఉండే కొండముచ్చు బైరాగి హెచ్చరిక అరుపుని తన పేరున రాయించుకుని, ఆ ఆకు అందరికీ చూపిస్తూ తిరిగాడు. “మా తాతల నాటి అరుపు. ఇన్నాళ్ళూ ఊరికే వాడుకున్నారు,” అన్నాడు.

పదో రోజున ఇప్పచెట్టు మీద ఒక పిచ్చుక పిల్ల నిద్రలో కలకంఠమ్మ పాటలోది చిన్న ముక్క కూనిరాగం తీసింది. మధ్యాహ్నానికల్లా చెట్టు మొదలు చుట్టూ ముళ్ళకంప వేసి, ఒక ముళ్ళపందిని కాపలా పెట్టారు. చెట్టు మీద నలభై కుటుంబాలు. అందరూ నోరు మూసుకోవాలి. పిచ్చుక పిల్ల ఏడిస్తే వాళ్ళమ్మ రెక్కతో దాని ముక్కు నొక్కి పట్టుకునేది.

అది చూసి మాణిక్యం ఆఫీసుకి వెళ్ళింది.

“అయ్యా, మా చెట్టు తెరిపించండి.”

“ఇప్పుడు నువ్వన్న ‘అయ్యా’ కుందేలు పేరున ఉంది. చూసీచూడనట్టు వదిలేస్తున్నాను,” అన్నాడు సత్యమూర్తి. “నీ సొంత స్వరం ఏది? ముందు అది రాయించుకో.”

“నాకు సొంత స్వరం లేదండి. విన్నది చెప్పడమే మా పని.”

“సొంత స్వరం లేనివాళ్ళు చట్టం దృష్టిలో లేనట్టే. లేనివాళ్ళ దరఖాస్తు నేనెలా తీసుకోను?”

“మరి కేకబాట?”

“నడుస్తోందిగా. ఆకు తెచ్చిన వాళ్ళ కబుర్లు వెళ్తూనే ఉన్నాయి.”

నిజమే. ఆ వారంలో రెండు కబుర్లు వెళ్ళాయి. రెండూ సత్యమూర్తి పనితీరుని మెచ్చుకుంటూ ఆయనే రాసినవి.

ఎండలు ముదిరాయి. ఒక మిట్టమధ్యాహ్నం కొండ మీద కార్చిచ్చు పుట్టింది. బైరాగి చూశాడు. చూడగానే గుండెలవిసేలా అరిచాడు. మొదటి చెట్టు గోరువంక విని నోరు తెరిచి, చట్టం గుర్తొచ్చి మూసుకుంది. రెండోదీ, మూడోదీ అంతే.

గాలి కొండ వైపు నుంచి వీస్తుండటంతో ఆ అరుపు పలచగా ఇప్పచెట్టు దాకా వచ్చింది. మాణిక్యం విన్నది. దూరంగా పొగ కనిపించింది. కింద ముళ్ళపంది. పైన ముక్కు మూసుకుని నలభై కుటుంబాలు. అమ్మ ఉంటే ఏం చేసేదో ఆలోచించే వ్యవధి కూడా లేదు.

అరిచింది. బైరాగి అరుపు, బైరాగి గొంతు, ఒక్క పిసరు తేడా లేకుండా.

“మాణిక్యం, రాసుకుంటున్నాను,” అంది ముళ్ళపంది కిందనుంచి.

“రాసుకో. పరిగెడుతూ రాసుకో.”

చెట్టు ఒక్కసారిగా లేచింది. మాణిక్యం వాగు అవతల మద్దిచెట్టు వైపు అరిచింది. అక్కడి గోరువంక చంద్రకాంతం దాని పినతల్లి కూతురే.

“అక్కా, ఆకుందా?” అంది చంద్రకాంతం.

“కొండ తగలబడుతోందే!”

“అది వినబడుతోందక్కా. ఆకుందా అని అడుగుతున్నాను. నాకు గూట్లో మూడు పిల్లలున్నాయి. చెట్టు మూసేస్తే ఎక్కడికి పోను?”

మాణిక్యం ఇక వాదించలేదు. కొమ్మ వదిలి తానే ఎగిరింది. మద్దిచెట్టు, తర్వాత తునికిచెట్టు, తర్వాత మోదుగ. చెట్టు చెట్టుకీ, పొద పొదకీ అరుచుకుంటూ పోయింది. తునికి కింద గుర్రు పెడుతున్న పెద్దయ్య చెవిలో అరిచింది. కాకి గూటి దగ్గర అరిచింది. అప్పలమ్మ తన పిల్లని ఒక కాలితో, కలకంఠమ్మ పిల్లని ఇంకో కాలితో పట్టుకుని ఏటి వైపు ఎగిరింది. సగం దారిలో మాణిక్యం గొంతు బొంగురుపోయింది. అయినా మానలేదు.

అడవి అంతా ఏట్లోకి దిగింది. మొసలి కూడా అందరికీ చోటిచ్చింది.

మామూలుగా అయితే మంట వాగు దగ్గర ఆగిపోవాలి. ఇసకని ఏ మంటా తినదు. కాని వాగు నిండా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, బాగా ఎండిన అనుమతి ఆకులున్నాయి. మంట వాటి మీదుగా హాయిగా నడిచి అవతలికి వచ్చింది. కలకంఠమ్మ మామిడిచెట్టు మొదట కాలింది.

మూడు రోజుల తర్వాత విచారణ జరిగింది. అగ్నిప్రమాదం మీద కాదు, మాణిక్యం మీద.

“బైరాగి అరుపుని ఆకు లేకుండా పలికావా?” అన్నాడు పెద్దయ్య.

“పలికానండి.”

“నేను నీ అరుపు వినే లేచాను. లేకపోతే కాలిపోయేవాణ్ణి. కాబట్టి నేరం జరిగిందనడానికి నేనే సాక్షిని.”

బైరాగి తల దించుకుని ముందుకొచ్చాడు. “అయ్యా, నేను అనుమతి ఇచ్చేస్తున్నాను. ఆ రోజు తేదీయే వేసుకోండి.”

“వెనకటి తేదీ వేయడం నేరం,” అన్నాడు సత్యమూర్తి. “కూర్చోకపోతే నీ మీదా రాస్తాను.”

“సగం దారి నుంచి అది బైరాగి అరుపు కాదండి,” అంది మాణిక్యం. ఆ గొంతు ఇంకా బాగుపడలేదు. “నా గొంతు చీలిపోయింది. ఆ తర్వాత వచ్చింది ఎవరిదీ కాదు. నాదే అనుకుంటాను.”

సత్యమూర్తి ఆకు తిరగేశాడు. “అంటే రాయించుకోని స్వరం. దానికి శిక్ష రెట్టింపు.”

కలకంఠమ్మ అప్పటిదాకా ఒక మాడిన కొమ్మ మీద కూర్చుని ఉంది. ఎగిరొచ్చి మాణిక్యం పక్కన వాలింది. “నేను పాట గురించి అడిగాను. ఇదంతా అడగలేదు. నా ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటున్నాను.”

“తీసుకోవచ్చమ్మా. దానికో ఆకు కావాలి. ఆకులన్నీ కాలిపోయాయి.”

“అయితే నా పాట నాదనే ఆకు?”

“అదీ కాలిపోయింది. ఏ స్వరం ఎవరిదో ఆధారం లేదు కనక, కొత్త ఆకులు మొలిచేదాకా అన్ని స్వరాలూ కమిటీ ఆధీనంలో ఉంటాయి. మీరు పాడదలిస్తే దరఖాస్తు పెట్టుకోండి. మొదట మీ పేరే చూస్తాను.”

కలకంఠమ్మ ఏదో అనబోయి, ఆ అనబోయేది ఎవరి పేరున ఉందో తెలియక ఆగిపోయింది.

మాణిక్యానికి ఆరు నెలలు మౌనం విధించారు. ప్రాణాలు కాపాడినందుకు సభ దాన్ని మనసులోనే అభినందించింది. బయటికి అనడానికి అనుమతి దొరకలేదు.

వానలు పడ్డాయి. చెట్లు చిగిర్చాయి. సత్యమూర్తి ఏడాది నివేదిక చదివాడు. ఈ ఏడు అడవిలో ఒక్క దొంగపాట కూడా వినబడలేదని, చట్టం పూర్తిగా ఫలించిందని అందులో ఉంది. చప్పట్లు కొట్టేవారు లేరు, చప్పట్లు కోతి పేరున ఉన్నాయి.

కాలిన ఇప్పచెట్టు మీద గోరువంకా కోకిలా పక్కపక్కన కూర్చుని ఆ నివేదిక విన్నాయి. కోకిల తన ముక్కుతో తెచ్చిన ఒక నేరేడు పండుని మాణిక్యం ముందు పెట్టింది.

నీతి: ఇల్లు తగలబడుతున్నప్పుడు అరవడం తప్పు కాదు, ముందు ఆ అరుపు ఎవరి పేరున ఉందో కనుక్కోకపోవడమే తప్పు.