వీరాంజనేయులు ఎంచుకున్న సులువైన సబ్జెక్టు

జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా ఇరవై రెండేళ్ళు కుర్చీ అరగదీసిన వీరాంజనేయులుకు నలభై ఎనిమిదో ఏట చదువు మీద ప్రేమ పుట్టింది. నిజానికి ప్రేమ ప్రమోషన్ మీద. డిగ్రీ లేదని అతన్ని పక్కనబెట్టి, నిన్నగాక మొన్న చేరిన అభిలాష్‌ను సీనియర్‌ను చేస్తారట. ఆ కుర్రవాణ్ణి 'సార్' అనాలన్న తలపుకే అతనికి తిన్నది అరగలేదు.

దూరవిద్యలో చేరాడు. తప్పనిసరి పాఠాలు ఎట్లాగో గట్టెక్కాయి. చివరి ఏడాది ఇష్టమొచ్చిన సబ్జెక్టు ఒకటి ఎంచుకోవాలి. ప్రొద్దుటూరులో ఇంటి వసారాలో కూర్చుని, ఫోనులో ఆ జాబితాను పెళ్ళిసంబంధాలు చూసినట్టు చూశాడు. దేనికైనా వంకే. చరిత్రలో తేదీలు, ఆర్థికశాస్త్రంలో లెక్కలు, మనస్తత్వశాస్త్రంలో మనసు. చివరికి ఒకటి కళ్ళబడింది: 'ఆహారం, పోషణ'.

"దొరికింది మే," అన్నాడు భార్యతో. "పుట్టినకాడ్నుంచి నేను చేస్తాండేది ఇదే."

"తినేది చేస్తాండావు మామా," అంది వనిత, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. ఆమె అతని అక్క కూతురే. మొగుడి తెలివి ఎంతో ఊహ తెలిసినప్పటినుంచి ఎరుగును. "పరీక్షలో వండమంటే?"

"నాతో వండిస్తారా యాడన్నా? రాసేదే. నువ్వు చెప్తావు, నేను రాస్తా."

ఇంట్లో రాసి పంపాల్సిన జవాబులన్నీ ఆమె చెప్పింది, అతను రాశాడు. ఆమె లేనప్పుడు, విటమిన్లు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకు 'మందుల షాపులో' అని సొంతంగా రాశాడు.

పరీక్షకు వారం ముందు కబురొచ్చింది. షుగర్ రోగికి ఒక పూట భోజనంగా రాగిసంగటి, పాలకూర పప్పు, పరీక్షాధికారి ఎదుట వండి చూపాలి.

"ఏందిమే ఈ అన్యాయం," అన్నాడు. "సరే, నువ్వు వండి క్యారియర్‌లో కట్టియ్యి. ఆడ కాసేపు గరిటె తిప్పి, మెల్లిగా బయటికి తీస్తా."

"వారముంది కదా. నేర్పిస్తా, నేర్చుకోరాదా?"

"ఆడోళ్ళ పని నేను నేర్చుకునేదేంది?"

వనిత బియ్యం ఏరుతున్న చాట పక్కకు పెట్టింది. పరీక్షనాడు పొద్దున క్యారియర్ చేతికిచ్చింది. మంచి బరువుంది. అతనికి సంతోషం.

హాల్లో పన్నెండు మంది. పదకొండుగురు ఆడవాళ్ళే, కొంగులు దోపి సిద్ధంగా ఉన్నారు. పులివెందుల నుంచి వచ్చిన పరీక్షాధికారి ఫరహత్ మేడం, ఒక్క మగవాడు ముచ్చటగా కనిపించాడేమో, సరిగ్గా అతని బల్ల పక్కనే కుర్చీ వేసుకుంది. ఆమెకు కనబడకుండా మూత అడ్డంపెట్టి, అరగంట ఖాళీ గిన్నెలో గరిటె తిప్పాడు. ఆమె తనకు ఫోనొచ్చి అటు తిరగ్గానే క్యారియర్ విప్పాడు.

పై గిన్నెలో రాగిపిండి. దాని కింద బియ్యం. ఆ కింద కందిపప్పు, కడగని పాలకూర, ఒక ఉల్లిగడ్డ.

"సరుకులు ఇంటినుంచే తెచ్చుకున్నారా? మంచిది," అంది మేడం ఇటు తిరిగి. "మొదలుపెట్టండి."

మొదలుపెట్టాడు. ముందు పిండి, తర్వాత నీళ్ళు, గుర్తొచ్చినప్పుడు బియ్యం. సంగటి కావలసింది రోడ్డు మీద పోసే తారయింది. గరిటె పీకబోతే గిన్నె కూడా వెంట లేచింది. పక్క బల్ల దగ్గర వండుతున్న సుధారాణి అనే ఆవిడ నవ్వు ఆపుకోలేక తన పప్పు మాడ్చుకుంది.

మేడం చిటికెడు నోట్లో వేసుకుంది. "ఇది తింటే రోగికి షుగర్ సంగతేమో గానీ, నోట్లో పళ్ళు మిగలవు," అని తేల్చింది. "నెల రోజులు ఇంట్లో వండి, తిన్నవాళ్ళతో రోజూ సంతకం పెట్టించి పుస్తకం తెండి. అప్పుడు మళ్ళీ పరీక్ష."

ఇంటికొచ్చి క్యారియర్ నేలకేసి కొట్టబోయాడు. వనిత చూస్తోందని మెల్లిగా పెట్టాడు.

"మోసం చేసినావు కదమే."

"వండే పరీక్షకు వండే సరుకులు కట్టిచ్చినా. వండింది కట్టిచ్చింటే అది మోసం మామా."

మరునాడు తెల్లారకముందే లేచి, చెమటలు కక్కుతూ కెలికి, ముద్దలాంటిదొకటి ఆమె కంచంలో పెట్టాడు. వనిత తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకాసేపు నమిలింది.

"సంతకం పెట్టు మే," అన్నాడు దీనంగా, పుస్తకం ముందుకు జరుపుతూ.

ఆమె పెన్ను తీసుకుంది. సంతకం గడి ఖాళీగా వదిలి, పక్కన 'సూచనలు' అన్నచోట గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఉండలు శానా, ఓపిక తక్కువ. రేపు మళ్ళీ.'